వద్దు అనే స్విచ్

రోహిణిలో రోళ్ళు పగులుతాయని మావాళ్ళంటారు.
యూమాలో రోళ్ళు లేవు,
డాష్‌బోర్డులు పగులుతాయి.

ఆదివారం, పొద్దున్న ఐదున్నర.
ఎండ లేవకముందే బానెట్ లేపాను.
తొంభై ఐదు నాటి ఫోర్డ్ రేంజరు,
డగోబెర్తో భార్య ఎనిమిది వందలకిచ్చింది,
సీటు కింద అతని చెప్పులతో సహా.

ఏసీ పనిచేస్తుంది, అదే విచిత్రం.
అరగంట చల్లగా,
ఆ తరవాత గాలి సన్నగిల్లి
ముక్కుదిబ్బడ పట్టిన మనిషిలా గొణుగుతుంది.
ఆపి చూస్తే అల్యూమినియం డబ్బా చుట్టూ
వేలు మందాన మంచు.
నూట పన్నెండు డిగ్రీల ఊళ్ళో, మంచు!

డబ్బా నెత్తిన లో ప్రెషర్ స్విచ్చు.
దాని కనెక్టర్ ఊడి పక్కన వేలాడుతోంది.
పట్టుకోగానే నల్ల ప్లాస్టిక్ అప్పడంలా విరిగింది.
లోపల రెండు రంధ్రాల్నీ కలుపుతూ
వంచిన పేపర్ క్లిప్పు,
పైన నీలం టేపు మూడు చుట్లు.

ఓహో.
వద్దనే నోరు విప్పకుండా
ఎప్పటికీ సరే అనే తీగ.

నేను డయాలసిస్ టెక్నీషియన్ని.
రోజుకి పన్నెండుమంది నెత్తురు
నా గొట్టాల్లో తిరిగి మళ్ళీ వాళ్ళ దగ్గరికే వెళుతుంది.
ప్రెషర్ తగ్గితే ఒక కూత, పెరిగితే ఒక కూత.
ఆ కూత నోరు నొక్కి కాఫీకి పోయినవాడు
మర్నాడు పనిలో ఉండడు.

డగోబెర్తోది నాలుగో నంబరు కుర్చీ.
మంగళ, గురు, శని.
వచ్చినప్పుడల్లా నాలుగు కిలోలు ఎక్కువ తూగేవాడు.
"నీళ్ళు ముట్టలేదు తల్లీ, ఒట్టు.
ఐసు ముక్కలు నమిలాను, అంతే."
"ఐసు కరిగితే ఏమవుతుంది?"
"నా నోట్లో కరగదు" అని నవ్వేవాడు.
"ఇంకొక్క ముక్క పెట్టు."
వద్దు.
ఎన్నిసార్లన్నానో ఆ మాట.
తెలుగులో రెండక్షరాలు, అతని భాషలో ఒకటే.

కొత్త స్విచ్చు పద్దెనిమిది డాలర్లు.
పాతది విప్పుతుంటే తుస్సుమని ఒక్క తుమ్ము,
కింద వాల్వు మూసుకుంది, గ్యాసు దక్కింది.
రబ్బరు రింగుకి చుక్క నూనె రాసి
చేత్తో బిగించి, ఆపైన పావు తిప్పు.
"బలం చూపించకు!" పక్కింటి ఎలియాసర్,
గోడ మీంచి, పళ్ళు తోముకుంటూ.

కనెక్టర్‌తోనే పేచీ.
తీగ కత్తిరిస్తే రాగి నల్లగా ఉంది.
ఇంకో అంగుళం. నలుపే.
మూడో అంగుళంలో ఎర్రగా మెరిసింది.
అక్కడ కలిపి, గొట్టం తొడిగి, లైటరుతో కాస్తే
పాము కుబుసాన్ని మళ్ళీ తొడుక్కున్నట్టు
బిగుసుకుంది.
అటువైపు హై ప్రెషర్ స్విచ్చు కూడా మార్చేశాను.
అదేం పాపం చెయ్యలేదు,
పనిలో పని.

పేపర్ క్లిప్పు మాత్రం జేబులో వేసుకున్నాను.
కుర్చీలో నాలుగు గంటలూ
రెండు దుప్పట్లు కప్పుకుని వణికేవాడే,
బండిలో ఇంత చలి ఎందుకు పెట్టుకున్నాడు?

స్టార్ట్ చేశాను.
టక్. కంప్రెసర్ పట్టుకుంది.
గాలి బొరియలోంచి ముందు దుమ్ము,
ఒక ఎండు ఖర్జూరపాకు పీలిక,
తరవాత చల్లదనం.
టక్. వదిలింది.
మళ్ళీ పట్టుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది.
పోయిన జూన్‌లో, తూకం చీటీ రాస్తూ,
తలెత్తకుండా నేనే అన్నాను:
"ఒళ్ళు చల్లగా ఉంచుకో, పెద్దాయనా.
చల్లగా ఉంటే దాహం తగ్గుతుంది."

టక్.

డబ్బాకి సన్నగా చెమట పట్టింది, మంచు లేదు.
"అయిందా?" అన్నాడు ఎలియాసర్.
చెప్పులు తుడిచి సీటు కిందే పెట్టాను.

నాకు దాహం వేసింది.
లోపలికెళ్ళి గ్లాసు నిండా నీళ్ళు తాగాను,
ఎవరూ తూచకుండా.