పక్క గది

బ్రాడీపేటలో, ఆరో అడ్డరోడ్డు మలుపులో
ట్యూషన్లు వదిలాక ఖాళీ అయ్యే మేడ.
మెట్ల దగ్గర వాచ్‌మన్ అడిగాడు:
"మీ ఆయన కోసమా అమ్మా?
ఇంట్లోవాళ్ళ మీటింగు పక్క గదిలో."

ఔనందామనుకున్నాను.
తాగుబోతు అనే మాట వెనకాల
ఎప్పుడూ మొగుడనే మాటే విన్నదాన్ని.
మా ఆయన కాఫీ కూడా తాగడు.

నా క్వార్టర్ సీసా
బియ్యం డ్రమ్ములో మూడు మానికల లోతున ఉండేది.
గిద్దెకు గాజు తగలకుండా ముంచడంలో
నా వేళ్ళకు కళ్ళొచ్చాయి.
పిల్ల ముద్దుకొస్తుంటే
ముందు సోంపు వేసుకునేదాన్ని.

గదిలో ఏడు కుర్చీలు, ఆరుగురం.
శౌరమ్మ మిర్చి యార్డు నుంచి నేరుగా వచ్చింది;
ఆవిడ కూర్చోగానే అందరం తుమ్మాం.
తొడిమలు తీసిన చేతుల మంటకని మొదలెట్టిందట.
మంట ఆరింది గానీ చెయ్యి ఆగలేదంది.

దిల్షాద్ టీచరు ఏమీ చెప్పలేదు.
మూడు వారాలుగా చెప్పడం లేదట.
టీ మాత్రం ఆవిడే పోసింది,
చెయ్యి వణుకుతుంటే సాసర్లోకి సగం.
చూడనట్టు, అందరం చూస్తూ.

నా వంతొచ్చింది.
పేరు చెప్పాను, నాంచారమ్మని.
తర్వాతి మాట గొంతులో
బియ్యం కింద సీసాలా తగిలింది.

"తాగుతాను," అన్నాను.
కాసేపాగి, "తాగుబోతుని."

ఎవరూ అయ్యో అనలేదు.
శౌరమ్మ మళ్ళీ తుమ్మింది.

ఇవాళ్టికి పదకొండు రోజులు.
డ్రమ్ము మూత తీసినప్పుడల్లా
చెయ్యి ఇంకా అడుగుదాకా వెళుతుంది.
వెళ్ళి, కాసేపు వెతికి,
బియ్యం తెచ్చుకుంటుంది.