ఆ గురువారం

అంబాజీపేట కొబ్బరి మార్కెట్ వెనక
పీచు దుమ్ము పట్టిన గదిలో నా కేబుల్ ఆఫీసు.
ఏడొందల పన్నెండు కనెక్షన్లు.
ఏ ఇంట్లో ఏం చూస్తారో
బిల్లుకి వెళితే వాళ్ళే చెప్పేస్తారు.

"ఉప్పుగ్రహం" వచ్చిన ఏడాది
ఆకాశంలో ఓడలు కాలుతుంటే
దింపు దిగిన కుర్రాళ్ళు మోకు భుజానే ఉంచుకుని
కిళ్ళీకొట్టు ముందు నిలబడిపోయేవారు.

తర్వాత దాని ముందుకథ వచ్చింది.
ఆ గ్రహంలో నీళ్ళింకా తీపిగా ఉన్న రోజులు.
ఓడల్లేవు, తుపాకుల్లేవు.
ఒక బల్ల, చుట్టూ పదిమంది,
సంతకం పెట్టాలా వద్దా అని ఆరు వారాలు.

"ఇందులో ఎగిరేదేది బాబాయ్?" అన్నారు కుర్రాళ్ళు.
వాళ్ళ అమ్మలేమో
"రాకెట్ల గొడవ మాకెందుకు" అని ఛానల్ మార్చేశారు.
లోపలున్నది తోడికోడళ్ళ తగువే,
కూతురితో మాట్లాడని తండ్రే.
పూతరేకుల డబ్బాలో ఎండుచేప పెడితే
చేప కావాల్సినవాడు ఆగడు,
ఆగినవాడు మూత తీసి ముఖం తిప్పేస్తాడు.
పైగా గురువారం తొమ్మిదిన్నర కాస్తా
మంగళవారం పదకొండయింది,
మధ్యలో క్రికెట్ అని రెండు నెలలు మాయం.

చివరేమవుతుందో తెలుసు కాబట్టి చూడలేదంటారు.
నేనొప్పుకోను.
రావణుడు చస్తాడని తెలిసే కదా
తోలుబొమ్మల ముందు పరిచిన చాప
తెల్లారినా ఎవరూ చుట్టరు!

నా లెక్క వేరు.
ఆ పదిమందిలో ఒక్కడికీ కోరల్లేవు.
ఒకడికి అప్పు.
ఒకడికి మోకాలినొప్పి, తొందరగా ఇంటికి పోవాలి.
మా దక్షిణపు చేలు తవ్వి రొయ్యల చెరువులు చేసేటప్పుడు
పంచాయతీ ఆఫీసులో మేమూ అలాగే కూర్చున్నాం.
ఫ్యాను తిరగట్లేదని
నేను ముందే సంతకం పెట్టి వచ్చేశాను.
పగలంతా చూసిన ముఖాల కోసం
రాత్రి కరెంటు ఎవడు కాలుస్తాడు?

పదమూడో వారంలో ఆపేశారు.
ఫోన్ చేసి అడిగిన ఇల్లు ఒక్కటే,
లాకుల క్వార్టర్స్ నుంచి గుబ్బల వీరవేణి గారు.

"ఏవండీ, ఆ నీళ్ళు పరీక్ష చేసే పిల్ల ఏమైందండీ?"
"చచ్చిపోద్ది కదండీ. పాత సీరియల్లో చూశాం."
"ఆయ్, అది తెలుసండి.
ఆ గురువారం ఏం చేసిందా అని."

నేనేం చెప్పను?
ఆవిడ పెట్టెయ్యలేదు, నేనూ పెట్టెయ్యలేదు.
ఫోన్లో, ఆవిడ వెనక,
లాకు తలుపు సందున నీళ్ళు కారుతున్న చప్పుడు.