ఒకటి ఎనిమిది నాలుగు మూడు

కాజిమిర్ మట్టి మనిషి.
వారెన్‌లో, కిటికీలకు కాగితం అంటించిన గదిలో
గోధుమరంగు మట్టిని పొయ్యిలో వెచ్చబెట్టి
చెక్క అస్థిపంజరానికి మెత్తేవాడు.
గంధకం వాసన ఇంటిదాకా వెంటపడేది.
ఇరెనా అతని చొక్కాలు విడిగా ఉతికేది.

నాది పోతపని, సాగినా నది ఒడ్డున.
ఇసుక అచ్చులోకి ఎర్రటి ఇనుము వంచి
ఎనిమిది బోలుగదుల దిమ్మ తీసేవాళ్ళం.
షిఫ్టు దిగి తుమ్మితే రుమాలు నల్లన.

"రెండూ మట్టిపనులే డెల్మర్" అనేవాడు.
"నాది నిప్పుపని" అనేవాణ్ణి.

"వెనక చక్రం మీద ఆ వంపు చూడు,
నడుము దగ్గర సన్నబడి తుంటి దగ్గర లేచే గీత.
పద్దెనిమిది వారాలు అరచేత్తో నిమిరాను.
కంటికి చిక్కని గుంట వేలికి చిక్కుతుంది.
చివర్లో లెక్కలవాళ్ళొచ్చి
పావు అంగుళం కోసెయ్యమన్నారు.
ఆ పావు అంగుళం ఇంకా నా చేతుల్లో దురద."

మా తగువంతా బానెట్ మీది ముక్కు గురించే.
రెండు పెద్ద పుటాలు,
రంకె వెయ్యబోతున్న ఎద్దులా.
దగ్గరికెళ్ళి వేలు పెడితే
రెండంగుళాల లోతులో మూసిన రేకు.
గాలి చొరదు.

"మూడువందల యాభై క్యూబిక్ అంగుళాల గుండె పోసిస్తే
ఊపిరాడని ముక్కు పెడతావా?" అన్నాను.
బీరు సీసా మీది కాగితం గోకుతూ
"మరి నీ మీసం ఏం పని చేస్తుందో చెప్పు" అన్నాడు.
ముప్పై ఏళ్ళు జవాబు వెతికాను.

మార్చిలో కాజిమిర్ పోయాడు.
జూన్‌లో ఇరెనా ఫోను:
"షెడ్డు వెనక పదకొండేళ్ళుగా ఉంది. తీసుకుపో."

బ్యాటరీ, కొత్త ప్లగ్గులు, డబ్బాడు పెట్రోలు పట్టుకెళ్ళాను.
చినిగిన టార్పాలిన్ లాగితే
ఎడమ ముక్కుపుటంలోంచి
బొటనవేలంత పిట్ట దూసుకొచ్చి తిట్టింది, పచ్చిబూతులే అయ్యుంటాయి.
లోపల పుల్లలు, ఒక చాక్లెట్ కాగితం,
ఇంకా కళ్ళు తెరవని అయిదు నోళ్ళు.

గాలి చొరదనే అక్కడ పెట్టింది గూడు.
టార్పాలిన్ మళ్ళీ కప్పాను, చిరుగు చిరుగు దగ్గరే ఉండేలా.

రెండు వారాలు బానెట్ ఎత్తలేదు.
టైర్లు మార్చాను. బ్రేకు గొట్టాలు మార్చాను.
పని లేనప్పుడు ఆ తుంటి మీద చెయ్యేసి కూచున్నాను.
ఒకచోట చెయ్యి ఆగింది.
అదేనా అని అడగడానికి మనిషి లేడు.

పిట్టలెళ్ళిపోయాక
ఒక్కో సిలిండర్లో చెంచాడు నూనె పోసి
రాత్రంతా నానబెట్టి
పొద్దున్నే తాళం తిప్పాను.

ముందు ఏమీ లేదు.
తర్వాత ముసలి గొంతు సవరించుకున్నట్టు, ఆగి, మళ్ళీ.
తర్వాత అంటుకుంది:

ఒకటి ఎనిమిది నాలుగు మూడు
ఆరు ఐదు ఏడు రెండు

నాకొచ్చిన ఎక్కం ఇదొక్కటే.
ఇందులో ఐదూ ఏడూ పక్కపక్క ఇళ్ళు,
ఒకదాని పొగ పోకముందే రెండోది పేలుతుంది.
అందుకే ఆ తడబాటు, ఆ గుడగుడ.
నున్నగా నడిచే ఇంజను నాకెప్పుడూ నచ్చలేదు.

ఇరెనా తడిచేతులతో గుమ్మంలోకొచ్చింది.
"దగ్గు అచ్చం అతనిదే" అని
లోపలికెళ్ళి పొయ్యి కట్టేసి వచ్చింది.

హైవే మీద, డెబ్బై మైళ్ళ దగ్గర,
నాలుగు పుల్లలు లేచి అద్దానికి తగిలాయి.
గూడు మాత్రం కదల్లేదు.
ఎలా కదులుతుంది, మూసిన ముక్కు.

ఇరెనా నా మీసం వైపు చూసి
ఏదో అనబోయి
కిటికీ అద్దం దించింది.