మాట తెగని వేగం

ముందురోజు రాత్రి చింతల్‌బస్తీలో
సైదులు వాళ్ళ డాబా మీద, ఆరేసిన యూనిఫారాల కింద
నలభై రెండు కిలోమీటర్లు ముందేసుకుని కూర్చున్నాం.

చక్రపాణి గారు కాలిక్యులేటర్ తెచ్చారు.
సహకార బ్యాంకులో ముప్పై ఏళ్ళు వాయిదాలు వసూలు చేసిన చెయ్యి.
"కిలోమీటరుకు ఏడున్నర నిమిషాలు.
మొదటిదైనా చివరిదైనా ఒకటే కిస్తీ.
అయిదు గంటల పదహారు నిమిషాలకు అప్పు తీరిపోతుంది."

సైదులు ఒప్పుకోలేదు.
"పొద్దెక్కక ముందే ఉరకాలె సార్.
ఏడు దాటిందంటే ఆగస్టు ఉక్క
తడిగుడ్డ లెక్క మూతికి సుట్టుకుంటది.
దాసిపెట్టిన బలం ఆఖర్ల ఎవరికి పెడ్తవ్?"

నఫీసా బొటనవేలికి ప్లాస్టర్ చుట్టుకుంటూ
"నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక.
నొప్పి వచ్చాక ఆగడం కాదు, రాకముందే ఆగాలి.
రోజూ పేషెంట్లకు చెప్పి చెప్పి నోరు పోతోంది" అంది.

నన్నడిగారు.
పోయినేడు నా దగ్గర మంచి లెక్కే ఉండింది, ఒక్కదాన్నే ఉన్నాను.
దుర్గంచెరువు తీగల వంతెన మీద
ఫుట్‌పాత్ అంచున కూర్చుని, ఉప్పేసిన నిమ్మనీళ్ళు పట్టుకుని
పోతున్న బూట్లు లెక్కపెట్టాను. మూడొందల దాకా గుర్తుంది.

"మాట తెగకుండా ఎంత వేగం వస్తే అంత" అన్నాను.
చక్రపాణి గారు కాలిక్యులేటర్ వైపు చూశారు.
దానికి బటన్ లేదు.

చివరికి ఒప్పందం:
ముప్పై రెండు దాకా కలిసి. ఆ తర్వాత ఎవరి కాళ్ళు వాళ్ళవి.
సైదులు నా ముంజేతి మీద బాల్‌పెన్నుతో రాశాడు, 32 అని,
కింద రెండు గీతలు.

చీకట్లోనే నెక్లెస్ రోడ్డు. సాగర్ వాసన.
సైదులు, గ్రీన్ పడకముందే కదిలే సెవెన్ సీటర్.
చక్రపాణి గారి వాచీ కిలోమీటరుకోసారి
మీటింగ్‌లో తుమ్మినట్టు మోగుతోంది.

ఖైరతాబాద్ ఫ్లైఓవర్ ఎక్కుతూ నఫీసా మొదలుపెట్టింది,
"మా మామగారి పావురం ఒకటి, తెల్లది,
ఒక శుక్రవారం ఎగిరి ఇక రాలేదు..."
పంజాగుట్ట దాకా వెతికారు.
కేబీఆర్ పార్కు ఎత్తులో వాక్యాలు ముక్కలయ్యాయి.
"మామగారు... అన్నం... మానేశారు."
ముక్కకూ ముక్కకూ మధ్య నేను అడుగు తగ్గించాను.
చక్రపాణి గారు వాచీ చూశారు, మమ్మల్ని చూశారు,
డయల్ మణికట్టు లోపలికి తిప్పేసుకున్నారు.

తీగల వంతెన రాకముందే సైదులు
"ఏమనుకోకుండ్రి" అన్నాడు, పోయాడు.
ఒక కిలోమీటరు మేర నాకు కోపం.
వంతెన మీద ఆ ఫుట్‌పాత్ అంచు చూశాను.
అతను లేడు.
ఊపిరి పీల్చుకున్నాను. కొంచెం నిరాశ కూడా, దాచను.

బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీద
"పదకొండో రోజు... తిరిగొచ్చింది" అంది నఫీసా.
"కాలికి రింగు. మాది కాదు."
"ఎవరిది?"
జవాబుకు ఊపిరి చాల్లేదు.

ముప్పై రెండు ఎక్కడ దాటిందో తెలీదు.
నా చేతి మీద నీలం మరక మిగిలింది.
చక్రపాణి గారి పిక్క పట్టేసింది, "మీరు పొండి" అన్నారు.
నఫీసా రోడ్డు మీదే గొంతుక్కూర్చుని బొటనవేలితో నొక్కింది.
తర్వాత ఎవరూ మాట్లాడలేదు.
మాట ఆగినా అడుగు ఆగలేదు,
నా లెక్కలో లేనిది అదొక్కటే.

గచ్చిబౌలి స్టేడియం. అయిదూ నలభై నాలుగు.
సైదులు మెడల్ మెడలో వేసుకుని, బూట్లు విప్పి
చల్లారిన ఉప్మా ప్లేట్లు మూడు
ఈగలు వాలకుండా క్యాప్‌తో విసురుతున్నాడు.
"రెండుసార్లు కక్కుకున్న" అన్నాడు సంతోషంగా.
కాసేపాగి,
"ఇంతకీ ఆ పావురం దొరికిందా అక్కా?"

మేం ముగ్గురం ఉప్మా తింటున్నాం.
"వచ్చే ఆదివారం" అంది నఫీసా.
"ఇరవై కిలోమీటర్లు. అంతకు తక్కువలో పట్టదు.
నువ్వు మాత్రం వెనకే ఉండాలి."