శనారం సామి

పిల్లాడు పుట్టింది కందుకూరు ఆసుపత్రిలో, శనివారం,
కరెంటు పోయి జనరేటరు అందుకునే సందులో.
సాయంత్రానికల్లా ఫోన్లోకి పేర్లు దిగాయి
గంపలకొద్దీ.
మా మరదలు పంపిన జాబితాలో నూట పన్నెండు.
అన్నీ పెదవి దాకా వచ్చి ఠక్కున ఆగిపోయేవే,
చివర పొల్లు పెట్టి తలుపు గడియ వేసినట్టు.

నేను చెప్పింది ఒక్కటే.
మాలకొండయ్య.

కాసేపు గదిలో ఫ్యాను శబ్దం వినపడింది.
"ఎవురికీ?" అంది మా అత్త,
లారీకేమన్నా పెడతన్నానేమో అన్నట్టు.
ఫారం నింపే నర్సమ్మ పెన్ను పైకెత్తి
"తాత పేరు తర్వాత రాద్దాం, ముందు బాబుది చెప్పండి" అంది.
ఇందుమతి గోడవైపు తిరిగి పడుకుంది.
కుట్ల నొప్పి అనుకున్నా. కాదు.

పాతదని కాదబ్బా,
ఎవురూ పెట్టుకోక ఖాళీగా పడుంది ఆ పేరు.
బళ్లో ఇంకోడు ఉండడు.
మెయిలుకి వెనక అంకెలు తగిలించే పన్లేదు.
మిట్టెక్కి పిలిస్తే పొగాకు బ్యారన్లు దాటిపోద్ది గొంతు,
"య్యా" దగ్గర ఎంతసేపైనా సాగదీసుకోవచ్చు.
ఇవన్నీ చెప్పాను.
ఇవేవీ కారణం కాదు.

మా తాతది ఆ పేరు.
పేరంత పొడుగు మనిషేం కాదు.
బ్యారన్లో మంట కాసేవాడు, రాత్రుళ్లు,
ఆకు పసుపు తిరిగేదాకా కన్ను మూయకుండా.
వేలం చీటీ మీద యం. కొండయ్య,
ఆసామి నోట్లో కొండిగాడు,
బాకీ పుస్తకంలో ఉత్త "కొం".
మొత్తం పేరు ఆయన మీద ఎవరూ ఖర్చు పెట్టలేదు.

అవ్వ అసలు ముట్టుకోనే లేదు.
మొగుడి పేరు పలికితే ఆయుష్షు తరుగుద్దని
యాభై రెండేళ్లు
మా రవణమ్మవ్వ "కొండ" అనే మాట లేకుండా బతికింది.
కొండముచ్చు వచ్చి చిక్కుడుపాదు పీకితే
"నల్లమూతిది వచ్చిందిరో" అని రాయి తీసేది.
మాలకొండకి పోవాలంటే "శనారం సామి కాడికి" అనేది.
వారానికి ఒక్కరోజే తలుపు తీసే దేవుడు గదా, సరిపోయేది.
రేషన్ షాపులో ఇంటాయన పేరేందంటే
నన్ను ముందుకి తోసేది.
ఏడేళ్లవాణ్ణి, రొమ్ము ఇరగబొడుచుకుని
ఒక్క అక్షరం మింగకుండా చెప్పేవాణ్ణి.
ఆ పేరు మొత్తంగా పలికింది
ఊళ్లో నేనొక్కణ్ణేనేమో.

తాత పోయి తొమ్మిదేళ్లు.
పేరు నా బుగ్గన ఉండిపోయింది
నమలని వక్కలాగా.

ఇరవైయొకటో రోజు
ఇందుమతి పళ్లెంలో బియ్యం తెచ్చింది.
మూడక్షరాలకి సరిపోయే పళ్లెం.
నిజం చెప్పాలంటే అప్పటికీ మేమిద్దరం ఏమీ తేల్చుకోలేదు.
ఉంగరంతో "మా" అని గీశా.
"ల" గీశా.
"కొం", సున్నా దగ్గరే అంచు తగిలింది.
అందరూ చూస్తన్నారు.
ఇందుమతి లేచి లోపలికి పోయింది.
అయిపోయిందిలే అనుకున్నా.
చేటనిండా బియ్యంతో వచ్చి
వెడల్పాటి తాంబాళంలోకి ఒంపి
"మొదట్నించీ రాయి. ఇరికించొద్దు" అంది.
తరవాత మెల్లగా,
"బళ్లో ఎవురన్నా నవ్వితే మాత్రం నువ్వే పోవాల."

అవ్వ ఆ రోజంతా వాణ్ణి
"సామీ, ఓ సామీ" అంటానే ఉంది.
"పేరుతో పిలవొచ్చు గదా" అని మా అత్త ఎగతాళి చేస్తే
"నాకు నోరు తిరగదమ్మా" అని
చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రాత్రి రెండింటప్పుడు నీళ్లకి లేచా.
ఉయ్యాల పక్కన చీకట్లో అవ్వ.
"మా" అంది. ఆగింది.
చుట్టూ చూసింది.
"మాల" అంది.
బ్యారన్ గొట్టం మీద చెయ్యిపడి లాక్కున్నట్టు మళ్లీ ఆగింది.
ఆ తరవాత మొత్తం, ఒక్క ఊపున,
"మాలకొండయ్యా."

పిల్లాడు నిద్దట్లో "ఊ" అన్నాడో, ఊరికే మూలిగాడో.
అవ్వ గబుక్కున లేచి నిలబడి
పైట సర్దుకుంది.