కొబరిద్ నుంచి జాగా దాకా

మంచులో ఆడొచ్చి, చేతులు జివ్వుమంటున్నాయని రాస్తూ
నాలుగో తరగతి ఆజ్బె
చేతులకి ద్వివచనం పెట్టాడు: రోకి.
మిలోయ్కా టీచరు ఇకారం కొట్టేసి
ఎర్ర సిరాతో ఎకారం దిద్దింది: రోకె.
"రెండే కదా టీచర్?"
రెండూ చాపి చూపించాడు.
ఒకదానికే ఉంది చేతొడుగు.

పుట్టుకతో జంటైనవాటికి బహువచనం చాలురా, అంది.
కళ్ళు, చెవులు, కాళ్ళు,
అమ్మానాన్నలు కూడా.
ఆ చివరి మాటకి వాడు కిటికీలోకి చూశాడు.
ఆమె కలానికి మూత పెట్టేసింది.

మనకీ బాధ లేదు.
ఒకటి దాటితే మనకంతా గుంపే.
వెళ్దాం అంటాం,
పక్కనున్నది ఒక్కరో ఊరంతానో
ఆ "దాం" చెప్పదు.
చిన్నప్పుడు రామః తర్వాత రామౌ వల్లిస్తూ
ఈ రెండో రాముడెవడ్రా అని నవ్వుకుని
మూడో గడిలోకి గెంతేశాం.
వాళ్ళకి మాత్రం క్రియ తోకలో
సరిగ్గా ఇద్దరికి చోటుంటుంది.

సాయంత్రం బస్సు.
స్కీ కర్రల పిల్లలు కొబరిద్‌లో దిగిపోయారు.
డ్రైవరు రాదివోయ్ అద్దంలోకి చూసి
"సామా స్వా" అన్నాడు, హీటరు ఇంకాస్త తిప్పుతూ.
ఇద్దరమే మిగిలాం.
అందులో ఏమీ లేదు.
మూడో మనిషి లేనప్పుడు
ఆ భాషలో ఇంకోలా అనడం తప్పు.
పందొమ్మిదేళ్ళుగా పిల్లలకి చెబుతున్నదే.
అయినా పక్కసీట్లోని నోటుపుస్తకాల సంచి
ఒళ్ళోకి తీసుకుంది,
ఎవరూ వచ్చి కూర్చోరని తెలిసే.

త్ర్నోవో దాటింది. కింద సోచా నది
కనబడదు, వినబడుతుంది.
స్ర్పెనిత్సా మలుపులో రోడ్డుకడ్డంగా జింక.
బ్రేకు. లైట్ల వెలుగులో రెండు కళ్ళు,
బహువచనంలో.
"చూశాం కదూ?" అంది, ఇద్దరికి సరిపోయే క్రియతో.
"చూశాం" అన్నాడు, అదే కొలతతో.
జింక లెక్కలోకి రాలేదు.

జాగాలో ఒక ముసలావిడ ఎక్కింది,
మొహం నిండా మఫ్లరు, చంకలో పుల్లక్యాబేజీ జాడీ.
బూట్ల మంచు మెట్టుమీద దులిపింది,
చిల్లర లెక్కపెట్టడానికి చాలాసేపు పట్టింది.
రాదివోయ్ తలుపు మూసి, గేరు మార్చి,
"గ్రెమో" అన్నాడు.

కొబరిద్ దగ్గరైతే "గ్రెవా" అనుండేవాడు.
మిలోయ్కా సంచిని మళ్ళీ పక్కసీట్లో పెట్టింది.
తెలుగులో రాస్తే ఏమీ మారినట్టుండదు,
వెళ్దాం,
వెళ్దాం.