అతుకు దగ్గర

పెళ్ళిళ్ళలో "కాస్త నవ్వండి" అని అలవాటైన నోరు నాది.
గోడకేం చెప్పను?
శ్రీకాకుళంలో పాత వంతెన దిగగానే, నాగావళి పక్కన,
నూట అరవై అడుగుల బొమ్మల గోడ.
దసరా వెళ్ళాక కొట్టేస్తారట, కాలవ వస్తుందట.
ఈలోగా మొత్తం ఒక్క ఫోటోగా తీసిపెట్టమన్నారు.
ఎంత దగ్గరికి లాగినా చెదరకూడదన్నారు.

తెల్లారగట్ల ఐదున్నరకి స్టాండు వేశాను.
మూరెడు జరుగు, క్లిక్కు.
మూరెడు జరుగు, క్లిక్కు.
ప్రతి ముక్కా పక్క ముక్కని మూడోవంతు కప్పాలి,
తాటాకిల్లు నేసినట్టు, ఆకు మీద ఆకు ఎక్కాలి.
ఎండ గోడెక్కేలోపు అయిపోవాలి.
వెలుగు మారితే అతుకు అతకదు.

సగం దాకా బాగానే వచ్చాను.
తప్పెటగుళ్ళ వాళ్ళు ఎగిరే చోట
గోడకి తల ఆనించుకుని గవరమ్మ,
ముందు సీతంపేట నుంచి దిగిన సీతాఫలాల బుట్ట.
"లెగమంతావేటి బావూ?
పదకొండేళ్ళ బట్టి ఇక్కడే కూకుంతన్నాను.
ఈ బొమ్మలేసినోడికి రంగుడబ్బా మూత నానే తీసిచ్చినాను."
అతని పేరేంటి?
"పేరేటో... పొట్టిగుంటాడు. బీడీ ఆర్పీవోడు కాదు."
పది నిమిషాలే అమ్మా, అన్నాను.
లేచింది. బుట్ట జరపడానికి చెయ్యి చాచింది.
నేను చూసుకోలేదు. ఎండ వచ్చేస్తోంది, నొక్కేశాను.

నాలుగు వందల పన్నెండు ముక్కలు.
రాత్రంతా కంప్యూటరు రొద,
పక్కింటి మోటారు కట్టలేదనుకుంది మా ఆవిడ.
పొద్దున్నకి గోడంతా తెర మీద.

దూరం నుంచి అది బొమ్మ.
దగ్గరికి లాగితే గుండెల మీద తప్పెట,
ఇంకా లాగితే తప్పెట ఎరుపులో
ఇరుక్కుపోయిన కుంచె వెంట్రుక.
ఇంకా.
రంగు కింద పెన్సిలు కూడిక:
తెలుపు రెండు, నీలం ఒకటి, బాకీ మూడువందల నలభై.
పైన రెండు పూతలు వేశాడు గాని
బాకీ కనిపిస్తూనే ఉంది.
ఎడమ చివర పెచ్చులూడిన చోట వరద ఏడాది నీటి గీత.
సంతకం మాత్రం లేదు.
చేప పొలుసుల్లో కూడా వెతికాను, ఒక్కొక్కటీ.

గవరమ్మ కూర్చునే చోట
ఆటగాడి పొట్ట మీద గుండ్రంగా ఒక నల్ల మచ్చ.
దుమ్మనుకుని తుడవబోయాను, తెర మీద, వేలితో.
కొబ్బరినూనె.
పదకొండేళ్ళ తల.

ఆ పక్కనే అతుకు.
అతుకులో ఒక చెయ్యి.
మనిషి లేదు, మోచెయ్యి లేదు,
రెండు మట్టిగాజులు, ఐదు వేళ్ళు, సగం బుట్ట అంచు.
గోడలోంచి వచ్చి ఎవరికో పండు ఇస్తున్నట్టు.

తీసెయ్యొచ్చు. రెండు నిమిషాల పని.
ఆల్బమ్‌లలో ఎంతమందిని తీసెయ్యలేదు,
పందిట్లో గొడవపడ్డ బావమరుదుల్ని,
ఎవరూ గుర్తుపట్టని పెద్దమనుషుల్ని.
పోయినవాళ్ళని తెచ్చి వరుసలో నిలబెట్టాను కూడా.

మర్నాడు మళ్ళీ వెళ్ళాను.
కూర్చో, నిన్ను కలిపి తీస్తాను అన్నాను.
మబ్బు పట్టింది. గోడ రంగు మొన్నటిది కాదు.
ఎంత కలిపినా ఆమె చుట్టూ ఒక సన్నటి గీత,
వేరే రోజు లోంచి కత్తిరించి తెచ్చినట్టు.

ఫోన్లో రెండూ చూపించాను.
తన ముఖం కేసి చూడలేదు.
చేతినే చూసింది, రెండు వేళ్ళతో పెద్దది చేసి,
ఇంకా పెద్దది చేసి.
"ఈ గాజు నిన్ననే సిట్లిపోనాది" అంది.
ఒక పండు చిదిమి నా చేతిలో పెట్టింది,
డబ్బులు మాత్రం తీసుకుంది.

ఆఫీసులో ఫైలు ఇచ్చేశాను.
కుర్రాడు గోడంతా ఈ చివర నుంచి ఆ చివరికి లాగి
"ఇక్కడేదో తప్పు పడింది సార్" అన్నాడు.
ఎక్కడ?
"చెయ్యి."
అది గోడదే, అన్నాను.

రసీదు నా వైపు తోశాడు.
సంతకం పెట్టడానికి
కాస్త సేపు పట్టింది.